ఆపద్ధర్మ కోచ్

అక్టోబర్ 11, శనివారం రాత్రి. మస్కట్‌లో రువీ వెనక సందులో ఒక మలయాళీ టీ దుకాణం ఉంది. అక్కడ టీవీ కింద మేము నలుగురం కూర్చున్నాం. దోహాలో ఒమాన్, యూఏఈ జట్ల మధ్య ప్రపంచకప్ అర్హత మ్యాచ్ నడుస్తోంది. ఒమాన్ ఇంతవరకు ఒక్కసారి కూడా ప్రపంచకప్‌కు వెళ్ళలేదు. ఈ మ్యాచ్ గెలిస్తే తలుపు సగం తెరుచుకున్నట్టే. మొదటి భాగంలో యూఏఈ ఆటగాడు బంతిని తమ గోల్‌లోకే కొట్టుకున్నాడు. ఒమాన్ 1, యూఏఈ 0. ఆ సంతోషంలో దుకాణం యజమాని ఈ రాత్రి చాయ్ అందరికీ ఉచితం అన్నాడు. చివరి పావుగంటలో యూఏఈ రెండు గోల్స్ వేసింది. చాయ్‌కి డబ్బులు తీసుకున్నాడు.

మాతో ఉన్న ఒమానీ మిత్రుడు మా బడిలో పీటీ సార్. ఆయనది సీబ్. గ్లాసు బల్ల మీద పెట్టి, "రషీద్ ఉంటే ఇలా జరిగేది కాదు" అన్నాడు.

యజమాని గల్లా దగ్గర నుంచే నవ్వాడు. "రషీద్ ఉన్నప్పుడే కదా జనవరిలో అచ్చం ఇలాగే జరిగింది!"

ఇక మొదలైంది. మరునాడు ఆదివారం. ఇక్కడ ఆదివారం బడి ఉంటుంది. అయినా రాత్రి ఒంటిగంట దాకా ఎవరూ లేవలేదు.

వాదన చెప్పేముందు మనుషుల్ని చెప్పాలి. పీటీ సార్ సంగతి చెప్పాను. యజమానిది కోళికోడ్. ఆయన్ని అందరూ ఇక్కా అని పిలుస్తారు. మలయాళంలో పెద్దన్న అన్నట్టు. మూడోవాడు మా బడి బస్సు డ్రైవర్. జగిత్యాల దగ్గర ఊరు. పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. నాలుగోవాణ్ణి నేను.

నేను డర్బన్‌వాణ్ణి. మా ముత్తాత విశాఖపట్నం జిల్లా నుంచి చెరకు తోటల పనికి నటాల్ వెళ్ళాడు. ఒప్పందం ఐదేళ్ళు. ఆ ఒప్పందాన్నే మనవాళ్ళు గిర్మిట్ అన్నారు. ఐదేళ్ళు అయిపోయాయి, ఆయన తిరిగి రాలేదు. నేను చాట్స్‌వర్త్‌లో పెరిగాను. తెలుగు నేర్చుకున్నది ఇంట్లో కాదు, గుడిలో. ప్రతి శనివారం మధ్యాహ్నం గుడి వెనక గదిలో క్లాసు. కిటికీ అవతల మైదానం. లోపల మేము అ ఆ లు దిద్దుతుంటే బయట నుంచి ఈలలు, కేకలు, బంతి గోడకు తగిలిన చప్పుడు. ఎవరు గోల్ వేశారో కేకను బట్టి చెప్పేవాణ్ణి. గురువుగారు నా చెవి పట్టుకుని పలక వైపు తిప్పేవారు. అందుకేనేమో, ఇప్పటికీ నాకు తెలుగు అక్షరాలు చూస్తే ఫుట్‌బాల్ గుర్తొస్తుంది.

గుడిలో నేర్చుకున్న తెలుగు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. మస్కట్ వచ్చిన కొత్తలో మన డ్రైవర్‌తో "మీరు ఎప్పుడు వచ్చెదరు?" అన్నాను. ఆయన బస్సు ఆపి మరీ నవ్వాడు. "సార్, మీరు ఎన్టీ రామారావు సినిమాల లెక్క మాట్లాడుతున్రు" అన్నాడు. అప్పటి నుంచి ఆయనే నా రెండో గురువు.

ఇక అసలు విషయం. రషీద్ జాబిర్ ఒమాన్ జాతీయ జట్టుకు 2024 సెప్టెంబర్‌లో కోచ్ అయ్యాడు. అప్పటికి ప్రపంచకప్ అర్హత పోటీల మూడో రౌండ్ మొదలైపోయింది. అంతకుముందు చెక్ దేశస్థుడు యరోస్లావ్ షిల్హవీ కోచ్‌గా ఉన్నాడు. ఆ రౌండ్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. ఇరాక్ చేతిలో 0-1, తరువాత మస్కట్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 1-3. షిల్హవీని పంపించి రషీద్‌ని పిలిచారు. పేరుకు ఆయన పూర్తి కోచే. కానీ మా దుకాణంలో ఎవరూ అలా అనుకోలేదు. పరుగు మధ్యలో బస్సు ఎక్కించి స్టీరింగ్ చేతికిచ్చినట్టు ఉందని అందరూ అనుకున్నారు. పెద్ద విదేశీ కోచ్ దొరికేదాకా ఈయన ఉంటాడు అన్నది అందరి లెక్క. ఆ లెక్కే నిజమైంది. 2025 జూలైలో పోర్చుగల్‌కు చెందిన కార్లోస్ కేరోజ్ వచ్చాడు, రషీద్ వెళ్ళిపోయాడు.

"అంటే ఆపద్ధర్మ కోచ్ అన్నట్టు" అన్నాడు డ్రైవర్.

ఆ మాట విని నేను ఆశ్చర్యపోయాను. ఆపద్ధర్మం అనే మాట నాకు గుడి క్లాసులోనే తెలుసు. మహాభారతంలో శాంతి పర్వంలో ఒక భాగం పేరు అది. అంపశయ్య మీద భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు. కష్టకాలంలో మామూలు నియమాలు పనిచేయనప్పుడు ఏం చేయాలి, ఎంతవరకు చేయవచ్చు అని. గురువుగారు దాన్ని చాలా గంభీరంగా చెప్పేవారు. ఒక బస్సు డ్రైవర్ దాన్ని ఫుట్‌బాల్ కోచ్‌కు వాడతాడని నేను ఎన్నడూ అనుకోలేదు.

"నీకు ఈ మాట ఎలా తెలుసు?" అని అడిగాను.

"ఎట్ల తెల్వది సార్? పేపర్ల రోజు వస్తది. ఆపద్ధర్మ ముఖ్యమంత్రి అంటరు. 2018ల కేసీఆర్ అసెంబ్లీ రద్దు జేసి మూడు నెలలు ఆపద్ధర్మమే గదా. మళ్ళ గెలిచి వచ్చిండు."

పీటీ సార్‌కు ఇదంతా ఇంగ్లీషులో చెప్పాను. అరబిక్‌లో అలాంటి కోచ్‌ను ముఅక్కత్ అంటారట. అంటే కొంతకాలం ఉండేవాడు. తెలుగులో తాత్కాలికం అన్నా అదే. ఆ మాటలు కాలాన్ని చెబుతాయి. ఆపద్ధర్మం అనే మాట ఆపదను చెబుతుంది. ఎన్ని రోజులు ఉన్నాడు అని ఒకటి అడుగుతుంది, ఏ గండంలో పిలిచారు అని రెండోది అడుగుతుంది. ఆ రాత్రి మా వాదనంతా, ఇప్పుడు ఆలోచిస్తే, ఈ రెండు మాటల మధ్యే నడిచింది.

నేను ఉపాధ్యాయుణ్ణి కదా, చేతులు ఊరుకోవు. ఇక్కా బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చించి మార్కుల పట్టిక వేశాను. అర్హత పోటీల్లో రషీద్ కింద ఎనిమిది మ్యాచ్‌లు. కువైట్ మీద 4-0 గెలుపు. జోర్డాన్ చేతిలో 0-4 ఓటమి. పాలస్తీనా మీద 1-0. ఇరాక్ చేతిలో 0-1. కొరియాలో కొరియాతో 1-1. మళ్ళీ కువైట్ మీద 1-0. మస్కట్‌లో జోర్డాన్ చేతిలో 0-3. చివరికి పాలస్తీనాతో 1-1. మొత్తం మూడు గెలుపులు, రెండు సమానం, మూడు ఓటములు. 24 పాయింట్లకు 11.

"నలభై ఆరు శాతం" అన్నాడు ఇక్కా, క్యాలిక్యులేటర్ నొక్కి. "మీ బడిలో ఇది పాసా, ఫెయిలా?"

"ప్రశ్నపత్రాన్ని బట్టి" అన్నాను.

ఇక్కా మామూలు మనిషి కాదు. కాగితం తన వైపు తిప్పుకుని వేలు పెట్టి చూపించాడు. ఈ 11 పాయింట్లలో ఆరు కువైట్ దగ్గర, నాలుగు పాలస్తీనా దగ్గర వచ్చాయి. ఆ గ్రూపులో అడుగున ఉన్న రెండు జట్లు అవే. ఇరాక్, జోర్డాన్‌లతో మూడు మ్యాచ్‌లు ఆడితే ఒక్క గోల్ కూడా లేదు. జోర్డాన్ చేతిలోనే ఏడు తిన్నారు. "బలహీనుణ్ణి కొట్టడానికి కోచ్ ఎందుకు? నేను చాలు."

నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. జూన్ 5న జోర్డాన్ మ్యాచ్‌కు నేను బౌషర్‌లోని సుల్తాన్ కాబూస్ స్టేడియంలోనే ఉన్నాను. జూన్ నెల మస్కట్ ఉక్క మీకు చెప్పనక్కరలేదు. కూర్చున్నచోటే చొక్కా తడిసిపోయింది. జోర్డాన్ ఆటగాడు అలీ ఒల్వాన్ ఒక్కడే మూడు గోల్స్ వేశాడు. ఆ రాత్రే జోర్డాన్ మొదటిసారి ప్రపంచకప్‌కు చేరింది. మా స్టేడియంలో వాళ్ళు పండగ చేసుకుంటుంటే చప్పట్లు కొట్టాలో లేదో తెలియక లేచి నిలబడ్డాను.

కానీ పీటీ సార్ దగ్గర జవాబు ఉంది. ఆయన మొదట గల్ఫ్ కప్ తీశాడు. 2024 డిసెంబర్‌లో కువైట్‌లో జరిగింది. గ్రూపులో ఒమాన్ ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఖతార్ మీద 2-1 గెలిచింది. సెమీఫైనల్లో సౌదీ అరేబియా మీద, మొదటి భాగంలోనే ఒక ఆటగాణ్ణి రెఫరీ బయటికి పంపినా, పది మందితో 2-1 గెలిచింది. జనవరి 4న ఫైనల్లో బహ్రెయిన్ మీద 78వ నిమిషం దాకా 1-0 ఆధిక్యం. తరువాత ఒక పెనాల్టీ, రెండు నిమిషాలకే ఒక సొంత గోల్. 1-2. ఇక్కా మొదట వేసిన చురక ఇదే.

"సౌదీ బలహీనమా?" అన్నాడు పీటీ సార్. "కొరియాకు వెళ్ళి సమానం చేసుకుని రావడం తేలికా? ఆయన చేతికి వచ్చేసరికి మనకు సున్నా పాయింట్లు. ఆయన దిగేసరికి నాలుగో రౌండ్‌లో ఉన్నాం. ఆయన్ని పిలిచింది ఎందుకు? ఆ పని చేశాడా లేదా?"

తరువాత తన క్లబ్బు సంగతి ఎత్తాడు. ఎత్తకపోతే ఆయనకు నిద్ర పట్టదు. 2022 అక్టోబర్‌లో కౌలాలంపూర్‌లో అల్ సీబ్ జట్టు ఏఎఫ్‌సీ కప్ గెలిచింది. కౌలాలంపూర్ సిటీ మీద వాళ్ళ ఊళ్ళోనే 3-0. ఒమాన్ క్లబ్బు ఒకటి ఆ కప్పు గెలవడం అదే మొదటిసారి. అప్పటి కోచ్ రషీద్ జాబిరే. "అప్పుడు ఆయనకు సమయం ఇచ్చారు. మొదటి నుంచి జట్టు ఆయనది. సమయం ఇస్తే ఏం చేస్తాడో అక్కడ చూడండి. సమయం ఇవ్వకపోతే ఏం చేస్తాడో ఇక్కడ చూడండి."

నా కాగితంలో చివరి గడి గురించి మాత్రం ఎవరూ వాదించలేదు. పాలస్తీనాతో 1-1. జూన్ 10, అమ్మాన్ నగరంలో. ఆ మ్యాచ్ పాలస్తీనా గెలిస్తే వాళ్ళు నాలుగో రౌండ్‌కు వెళతారు, ఒమాన్ ఇంటికి పోతుంది. రెండో భాగం మొదట్లోనే పాలస్తీనా గోల్ వేసింది. ఒమాన్ ఆటగాడు ఒకడు రెడ్ కార్డుతో బయటికి పోయాడు. 90 నిమిషాలు దాటిపోయాయి. 97వ నిమిషంలో ఒమాన్‌కు పెనాల్టీ వచ్చింది. ఇసామ్ అల్ సబ్హీ కొట్టాడు. అయిపోయింది.

మా బడిలో లెక్కల టీచర్ పాలస్తీనా మనిషి. మరునాడు ఉదయం స్టాఫ్ రూములో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. పీటీ సార్ రెండు కప్పుల కాఫీ తెచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టి, పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు. గంట కొట్టేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. రషీద్ లెక్క మొత్తం ఆ ఒక్క తన్ను మీద నిలబడింది. బంతి ఒక అడుగు పక్కకు పోయి ఉంటే 11 బదులు 10 అయ్యేది. అప్పుడు ఈ రాత్రి ఆయన పేరు ఎత్తేవాళ్ళే ఉండరు. ఒక మనిషి పనిని ఇలా కొలవడం న్యాయమేనా అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

కేరోజ్ పేరు రాగానే నాకు వేరే కథ గుర్తొచ్చింది. వీళ్ళలో ఎవరికీ తెలియదు. డర్బన్ నుంచి చదువుతున్నవాళ్ళకు మాత్రం ఈపాటికి పెదవుల మీదికి వచ్చే ఉంటుంది: జోమో సోనో.

దక్షిణాఫ్రికా వర్ణవివక్ష వల్ల దశాబ్దాల పాటు అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు దూరంగా ఉండి, 1992లో తిరిగి వచ్చింది. 1996లో ఆఫ్రికా కప్ గెలిచాం. కోచ్ క్లైవ్ బార్కర్. ఆయనే 1998 ప్రపంచకప్‌కు అర్హత సాధించి పెట్టాడు. కానీ 1997 చివర్లో తప్పుకున్నాడు. వెంటనే ఫిబ్రవరిలో బుర్కినా ఫాసోలో ఆఫ్రికా కప్. కోచ్ లేడు. అప్పుడు జోమో సోనోను పిలిచారు. ఆయన ఒకప్పుడు ఓర్లాండో పైరేట్స్‌లో ఆడాడు, అమెరికాలో న్యూయార్క్ కాస్మోస్‌లో పెలేతో కలిసి ఆడాడు, తిరిగి వచ్చి ఒక క్లబ్బును కొని దానికి జోమో కాస్మోస్ అని పేరు పెట్టాడు. ఆపద్ధర్మ కోచ్ అంటే అచ్చంగా ఆయనే. బెన్నీ మెకార్తీ అనే కుర్రాణ్ణి ఆడించాడు. ఆ కుర్రాడు నమీబియా మీద ఒక్క మ్యాచ్‌లో నాలుగు గోల్స్, మొత్తం పోటీలో ఏడు గోల్స్ వేశాడు. ఫైనల్ దాకా వెళ్ళాం. ఈజిప్ట్ చేతిలో 0-2 ఓడిపోయాం.

నాకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. చాట్స్‌వర్త్‌లో కొత్త టీచర్ని. అంతకు ముందు సంవత్సరమే మా పేట జట్టు మ్యానింగ్ రేంజర్స్ దేశంలోని మొట్టమొదటి ప్రీమియర్ సాకర్ లీగ్ గెలిచింది. అప్పుడు మా వీధిలో ఎవరిని కదిపినా ఫుట్‌బాలే. సోనోనే ప్రపంచకప్‌కు పంపుతారని మా నాన్న పందెం కాశాడు. పంపలేదు. ఫిలిప్ ట్రూసియే అనే ఫ్రెంచి కోచ్‌ను తెచ్చారు. ఫ్రాన్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. నాన్న పందెం డబ్బు కట్టి, "పని చేసినవాడికి కూలి, పేరున్నవాడికి కుర్చీ" అన్నాడు. నాన్నకు తెలుగు అంతంత మాత్రమే వచ్చు. ఈ మాట మాత్రం తెలుగులోనే అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు. బహుశా చెరకు తోటల్లో పుట్టిన మాటే అయి ఉంటుంది.

నాలుగేళ్ళ తరువాత మళ్ళీ అదే. 2002 ప్రపంచకప్‌కు దక్షిణాఫ్రికాను అర్హత దాటించిన కోచ్ ఎవరు? ఇదే కార్లోస్ కేరోజ్. ఆఫ్రికా కప్‌లో మాలీ చేతిలో ఓడిన తరువాత సోనోను టెక్నికల్ డైరెక్టర్‌గా ఆయన పైన పెట్టారు. కేరోజ్ వెళ్ళిపోయాడు. ప్రపంచకప్ మూడు నెలలు కూడా లేదు. జట్టు మళ్ళీ సోనో చేతికి. పరాగ్వేతో 2-2, స్లొవేనియా మీద 1-0, స్పెయిన్ చేతిలో 2-3. మాకూ పరాగ్వేకూ నాలుగేసి పాయింట్లు. వేసిన గోల్స్‌కూ తిన్న గోల్స్‌కూ తేడా ఇద్దరికీ సున్నాయే. కానీ వాళ్ళు ఆరు గోల్స్ వేశారు, మేము ఐదు. ఒక్క గోల్ తక్కువై ఇంటికి వచ్చాం. స్లొవేనియా మీద ఆ గెలుపు ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికాకు మొట్టమొదటిది. తరువాత సోనోకు ఏమిచ్చారు? ఏమీ లేదు. ఆ ఏడాదే వేరే కోచ్ వచ్చాడు.

ఈ కథంతా చెప్పేసరికి ఇక్కా దుకాణం షట్టరు సగం దించాడు. పీటీ సార్ మొహం వెలిగిపోయింది. "అయితే కేరోజ్ అక్కడ సోనోకు చోటు ఖాళీ చేశాడు, ఇక్కడ రషీద్ కేరోజ్‌కు ఖాళీ చేశాడు!" అన్నాడు. నేను అంత దూరం వెళ్ళలేదు. కేరోజ్ చేతిలో ఒమాన్ ఈ రౌండ్‌లో ఆడింది రెండే మ్యాచ్‌లు. ఖతార్‌తో 0-0, ఇప్పుడిది. రెండు మ్యాచ్‌లతో రషీద్‌ను కొలవకూడదు అంటే కేరోజ్‌నూ కొలవకూడదు. ఈ మాట అంటే పీటీ సార్‌కు నచ్చలేదు.

డ్రైవర్ మాత్రం ఇంకో పేరు తెచ్చాడు. "మరి మన ఖాలిద్ జమీల్ సంగతేంది సార్? గాయన గూడ ఆపద్ధర్మమే గదా ముందుగాల." అది నిజమే. 2021లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ క్లబ్బు కోచ్‌ను మధ్యలో పంపేసి ఖాలిద్ జమీల్‌కు తాత్కాలికంగా అప్పగించింది. ఆయన ఆ జట్టును ప్లేఆఫ్‌కు చేర్చాడు. తరువాత అదే జట్టుకు పూర్తి కోచ్ అయ్యాడు. 2025 ఆగస్టులో భారత జట్టు కోచ్ అయ్యాడు. సెప్టెంబర్ 8న తజికిస్తాన్‌లో ఆయన జట్టు ఎవరిని ఓడించిందో తెలుసా? ఒమాన్‌ను. 1-1 తరువాత పెనాల్టీలలో 3-2. ఆ రాత్రి ఇదే దుకాణంలో డ్రైవరూ ఇక్కా ఎగిరి గంతులేశారు. పీటీ సార్ మూడు రోజులు ఇటువైపు రాలేదు.

(ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టేసరికి అక్టోబర్ 14న గోవాలో భారత్ సింగపూర్ చేతిలో 1-2 ఓడిపోయింది. ఆసియా కప్ ఆశ పోయింది. ఇప్పుడు డ్రైవర్ ఖాలిద్ పేరు ఎత్తడం లేదు.)

చివరికి పీటీ సార్ నన్నే అడిగాడు. "ఉస్తాద్, నువ్వు చెప్పు. కేరోజ్ వెళ్ళిపోతే, మళ్ళీ రషీద్‌ను పిలిస్తే, ఆయన రావాలా వద్దా?"

ఆ ప్రశ్న నా గురించేనని ఆయనకు తెలియదు.

ఇది ఇక్కడ రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నేను ఇంతకుముందు పనిచేసిన చోటో, ఇప్పుడు పనిచేసే చోటో, అది వదిలేద్దాం. ఒక బడిలో ప్రధానోపాధ్యాయుడు సంవత్సరం మధ్యలో వెళ్ళిపోయాడు. నన్ను పిలిచి "కొన్నాళ్ళు చూడండి" అన్నారు. కొన్నాళ్ళు అంటే పద్నాలుగు నెలలు అయింది. నేను తీసుకున్న రోజు ఐదుగురు టీచర్లు లేరు. సైన్సు గదిలో ఏసీ లేదు. పదో తరగతి పరీక్షలకు పది వారాలు. నా క్లాసులు నేను చెబుతూనే, లేనివాళ్ళ క్లాసులు కూడా పంచుకుని, ప్రతి తల్లిదండ్రులకూ ఫోన్ చేసి, ఎలాగో నడిపాం. ఒక్క పిల్లవాడు కూడా బడి మానలేదు. సంవత్సరం చివర బోర్డు వాళ్ళు ఒక పేజీ కాగితం చూపించారు. గణితంలో సగటు మార్కులు కొంచెం తగ్గాయి. అంతే రాసి ఉంది. లేని ఐదుగురు టీచర్ల గురించి ఆ పేజీలో లేదు. అందులో ఇద్దరు గణితం వాళ్ళే. కొత్త మనిషి విదేశం నుంచి వచ్చాడు. మంచివాడే. నేను తాళాలు ఇచ్చి నా క్లాసుకు వెళ్ళిపోయాను. పిల్లలు "సార్, ఇప్పుడు మీరు మళ్ళీ మా సారేనా?" అని అడిగారు. అవును అన్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు.

ఇప్పుడు ఆ కొత్త మనిషి కూడా వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ అదే మాట వచ్చింది. కొన్నాళ్ళు చూడండి. గురువారం లోపల చెప్పమన్నారు.

మా ఆవిడది డర్బన్‌లో తమిళ కుటుంబం. నాకంటే ఫుట్‌బాల్ బాగా తెలుసు. "సోనో రెండోసారి వెళ్ళాడు. ఏమొచ్చింది?" అంది. "స్లొవేనియా మీద గెలుపు వచ్చింది" అన్నాను. "అది నీకు వచ్చిందా, దేశానికి వచ్చిందా?" అంది. నాకు ఇంకో నాలుగేళ్ళలో పదవీ విరమణ. ఇక్కడ మన వీసా ఎప్పటికప్పుడు కొత్తది చేయించుకునేదే. ఈ దేశంలో మనమందరం ముఅక్కతే అని పీటీ సార్ ఎప్పుడో తమాషాకి అన్నాడు. తమాషాకే అన్నాడులెండి.

ఆ రాత్రి ఆయన ప్రశ్నకు నేను సూటిగా జవాబు చెప్పలేదు. "రావాలి, కానీ ఒక కాగితం మీద సంతకం తీసుకుని రావాలి" అన్నాను. ఏం కాగితం అని అడిగాడు. "తాను ఎక్కేసరికి బస్సు ఎక్కడ ఉంది, ఎన్ని చక్రాలకు గాలి లేదు అని."

"గది మా డిపోల ఎప్పటికి రాయిస్తరు సార్" అన్నాడు డ్రైవర్. "బండి తీస్కునెటప్పుడు గీత ఉంటె గీత, సొట్ట ఉంటె సొట్ట. లేకపోతె దింపెటప్పుడు అంత మన మీదనే పడ్తది."

ఇక్కా కూడా తల ఊపాడు. ఈ దుకాణం తీసుకున్నప్పుడు పాత యజమాని ఫ్రిజ్ పాడైన సంగతి చెప్పలేదట. ఆ కథ ఇంకో అరగంట.

బుధవారం రాత్రి కూర్చుని ఉత్తరం రాశాను. ఒప్పుకుంటున్నాను అని మొదటి వాక్యం. తరువాత ఒక జాబితా. ఈ రోజుకు ఖాళీగా ఉన్న పోస్టులు ఎన్ని, ఏ సబ్జెక్టుల్లో. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు. పోయిన పరీక్షలో ఏ తరగతి సగటు ఎంత. బాగుచేయాల్సిన గదులు ఏవి. కింద రెండు సంతకాలకు చోటు, ఒకటి నాది, ఒకటి బోర్డుది. ఎన్ని నెలలు అన్న దగ్గర ఖాళీ వదల్లేదు, తేదీ వేశాను.

గురువారం ఉదయం ఇచ్చాను. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, ఉత్తరం బాగుంది. కానీ ఈ జాబితా ఎందుకు?"

సంవత్సరం చివర పనికొస్తుంది అన్నాను. అడిగి చెబుతాం అన్నారు. ఇంకా చెప్పలేదు. ఈ శనివారం ఇక్కా దుకాణానికి వెళ్ళాలి. పోయినసారి చాయ్ డబ్బులు నా వంతు బాకీ ఉంది.